బోర్లించిన పంపు

నేను ఒక మందు పంపుని. వీపున తగిలించుకుని, ఒక చేత్తో మీట ఆడిస్తూ, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని మిరప చేలకూ పత్తి చేలకూ పురుగుమందు కొడతారే, ఆ నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాని. పైగా పిరికిదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా భయం గురించే. పురుగుల్ని చంపేదానికి భయమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. కడుపు నిండా విషం పోయించుకుని, మూత బిగించుకుని, ఒక మనిషి వెన్నుకు ఆనుకుని పొద్దస్తమానం ఊగి చూడండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పుట్టినప్పుడు ఈ భయం లేదు. ఊరి పేరు కూడా గుర్తులేని ఒక కర్మాగారంలో ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. లోపల గాలి నిండే ఒక గది పెట్టారు. పక్కన మీట బిగించారు. నల్ల రబ్బరు గొట్టం, గొట్టం చివర, పిడి నొక్కితే మందు వదిలే పొడవాటి కడ్డీ, కడ్డీ కొసన చిన్న ఇత్తడి నాజిలు. ఆ నాజిలుకు సూదిమొనంత రంధ్రం. నాలో పోసిందంతా చివరికి ఆ రంధ్రంలోంచి సన్నటి తుంపరగా బయటికి రావాలి. అన్నీ అయ్యాక నా పొట్ట మీద ఒక బొమ్మ అతికించారు. అందులో ఒక రైతు ఉన్నాడు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు, మూతికి గుడ్డ, మోకాళ్ళ దాకా బూట్లు. ఓహో, నన్ను మోసేవాళ్ళు ఇలా ఉంటారన్నమాట అనుకుని ధైర్యంగా లారీ ఎక్కాను. అలాంటి మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు. నన్ను మోసినవాళ్ళకు తెలిసిన జాగ్రత్తల్లా లుంగీ ఎగ్గట్టుకోవడమే.

లారీ నన్ను నడికట్లలో దించింది. నడికట్ల చిన్న టౌను. టౌను అనిపించుకోవడానికి ఒక బస్టాండూ, రెండు మిల్లులూ, ఒక హైస్కూలూ ఉన్నాయి కానీ, తెల్లారితే సగం టౌను చేలల్లోనే ఉంటుంది. ఎరువుల కొట్టు ముందు నన్ను కొక్కేనికి వేలాడదీశారు. ఎదురుగా హైస్కూలు గేటు. సాయంత్రం బడి వదిలితే పిల్లలు గుంపులుగా ఆ కొట్టు ముందు నుంచే పోయేవాళ్ళు. పోతూ పోతూ నా పొట్ట మీద డప్పులా ఒక దరువు వేసేవాళ్ళు. కొట్టతను కసిరేవాడు. నాకు మాత్రం హాయిగా ఉండేది. పిల్లలంటే నాకు అప్పటినుంచీ ఇష్టం. తర్వాత తర్వాత వాళ్ళను చూస్తేనే ఎక్కువ భయం వేసేది.

నన్ను మొదట కొన్నవాడు మస్తాన్ వలి. కౌలుకు మిరప వేసేవాడు. కొన్న మర్నాడే చేను గట్టున కూర్చోబెట్టి, నాలో నీళ్ళు పోసి, సీసా మూత పళ్ళతో ఊడదీసి మందు వంచాడు. ఆ వాసనకు నా రబ్బరంతా ముడుచుకుపోయినట్టయింది. అతను మాత్రం మోచేతి దాకా చెయ్యి ముంచి, అంబలి కలిపినట్టు కలిపి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ చేలో పురుగులే కాదు, తేనెటీగలూ తూనీగలూ కూడా రాలి పడ్డాయి. వాటిని చూశాక నాలో ఏముందో నాకు అర్థమైంది. అర్థం కానిది మస్తాన్ వలికే. అతను గట్టున కూర్చుని అదే చేత్తో సద్ది తిన్నాడు.

అలాగని అతను అజాగ్రత్త మనిషని అనలేను. పని అయ్యాక నన్ను కాలవకు తీసుకెళ్ళి మంచినీళ్ళు పోసి, మీట ఆడించి, గొట్టంలోంచి తేట నీరు వచ్చేదాకా కడిగేవాడు. ఎక్కడ కడిగేవాడంటే, గేదెలు నీళ్ళు తాగే రేవులో. ఏం చేస్తాం, జాగ్రత్త కూడా ఒక్కో మనిషికి ఒక్కో వైపే ఉంటుంది.

నడికట్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. మందున్న పంపును మూత బిగించి నిలబెడతారు. కడిగిన పంపును మూత తీసి బోర్లిస్తారు. నిలబెట్టిన పంపు దగ్గరికి ఎవరూ పోరు, పిల్లలు పోతే తరిమికొడతారు. బోర్లించిన పంపును ఎవరైనా పట్టుకుపోవచ్చు. అడగక్కర్లేదు. అడిగితే ఇంటివాళ్ళే నొచ్చుకుంటారు, మమ్మల్ని పరాయివాళ్ళను చేశారా అని. అలా నేను తిరగని చోటు లేదు. చర్చి గోడకు సున్నం కొట్టాను. పీర్ల చావిడి ముందు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాను. పెళ్ళి పందిళ్ళు తడిపాను. హైస్కూల్లో ఆటస్థలం కూడా తడిపాను. ఒక్క గుర్తు మీద ఇంత ఊరు ఆధారపడిందేమిటా అని నాకు దిగులుగా ఉండేది. ఎవరైనా ఒక్కసారి పొరపాటున బోర్లిస్తే?

ఇంకో అలవాటు కూడా ఉంది. నాజిలు రంధ్రానికి పొడి మందు అడ్డుపడితే తుంపర ఆగిపోతుంది. పుల్ల పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై నాజిలు పాడవుతుందట. కాబట్టి నాజిలు విప్పి, లుంగీకి తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదుతారు. రాకపోతే ఒక పీల్పు పీల్చి ఉమ్మేస్తారు. మళ్ళీ బిగిస్తారు. ఈ పని చెయ్యని మగవాణ్ణి నేను నడికట్లలో చూడలేదు. నాజిలు పెదవుల మధ్యకి పోయిన ప్రతిసారీ నాకు గుండె ఆగినంత పని అయ్యేది, గుండె అంటూ ఉంటే. వాళ్ళేమో ఉమ్మేసి బీడీ ముట్టించుకునేవాళ్ళు.

రెండు పంటలు వరసగా దెబ్బతినేసరికి మస్తాన్ వలి కౌలు మానేసి ఆటో కొనుక్కున్నాడు. నన్ను తన స్నేహితుడు యలమందకు ఇచ్చేశాడు. యలమంద నవ్వు మొహం మనిషి. మందు కొట్టి వచ్చిన రోజు తల తిరిగితే ఎండదెబ్బ అనేవాడు, వాంతి అయితే సద్ది పాసిపోయిందనేవాడు, చేతులు వణికితే వయసు మీద పడుతోందనేవాడు. నలభై దాటలేదు. నా పేరు మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. అతని భార్య కోటమ్మ హైస్కూల్లో మధ్యాహ్నం అన్నం వండేది. పొద్దున్నే ఇంటి పని చేసుకుని, చెంగు బిగించుకుని బడికి పరుగెత్తేది. గింజ పారేయని మనిషి. వాళ్ళకు ఒక్కతే కూతురు, త్రివేణి. తొమ్మిదో తరగతి.

త్రివేణి గురించి చెప్పాలంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది. నన్ను ఎత్తుకోగానే తిట్టని మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆదివారాలు తండ్రి వెంట చేలోకి వచ్చి బిందెలతో నీళ్ళు అందించేది. సాయంత్రం నన్ను కడిగే పని ఆమెదే. మూడుసార్లు నీళ్ళు మార్చి, తేట నీరు వచ్చేదాకా మీట ఆడించి, అప్పుడు మూత తీసి బోర్లించేది. నోరు మాత్రం క్షణం ఊరుకునేది కాదు. బళ్ళో ఎవరేమన్నారో, ఖోఖోలో ఎవరు ఓడారో అంతా నాకే చెబుతున్నట్టు చెప్పేది. తండ్రి నాజిలు ఊదుతుంటే పక్కనే నిలబడి చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు. పిల్లలు మనం నేర్పినవి మరిచిపోతారు గానీ చూసినవి మరిచిపోరు.

ఆ ఏడు మాఘమాసంలో మిరపకు తామర పురుగు విపరీతంగా పట్టింది. పువ్వు పువ్వులో నల్లగా పాకుతున్నాయి. యలమంద కొట్టతన్ని అడిగి నీళ్ళ మందూ, పొడి మందూ రెండూ కలిపి ఘాటుగా కొట్టాడు. పొద్దు వాలేసరికి తల తిరిగి గట్టు మీద కూలబడ్డాడు. నాలో ఇంకా కొంత మందు మిగిలే ఉంది. ఎలాగో ఇంటికి తెచ్చి, మూత బిగించి, పాక గోడకు ఆనించి నిలబెట్టాడు. కడుగుతానన్న కూతుర్ని వద్దన్నాడు, పొద్దున మిగిలిన సాళ్ళకు కొట్టాలని. అన్నం తినకుండానే పడుకున్నాడు.

తెల్లవారి లేచాడు గానీ కళ్ళు మసకగా ఉన్నాయని మందు కొట్టడం మానుకుని, కాయ కోసే కూలీల్ని పిలుచుకుని చేనుకు పోయాడు. త్రివేణి బడికి పోయింది. ఆ రోజు పదో తరగతి వాళ్ళకు వీడ్కోలు. తొమ్మిదో తరగతి పిల్లలే ఏర్పాట్లన్నీ చూసుకోవాలి. ఇంట్లో కోటమ్మ ఒక్కతే మిగిలింది. పాక దగ్గరికి వచ్చి నన్ను ఊపి చూసింది. లోపల మందు చప్పుడు చేసింది. ఇంత ఖరీదైన మందు, ఎండకు చెడిపోతుందేమో అనుకుంది కాబోలు. మూత తీసి, ఉన్నదంతా ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి వంపి, ఆ డబ్బాను అటక మీద దాచింది. అడుగున ఇంకా చుక్కలు జారుతున్నాయి. అవి కూడా పోనివ్వడం ఇష్టం లేక, కింద చిన్న గిన్నె పెట్టి, నన్ను మూత లేకుండా దాని మీద బోర్లించింది.

వచ్చాక కడుగుదామనుకుంది. ఆ మాట పైకే అంది, నేను విన్నాను. బడిలో అన్నానికి ఆలస్యమవుతోందని గబగబా పోయింది. పోయేటప్పుడు, కోడి పొడుస్తుందని ఆ గిన్నె తీసి పైన పెట్టేసింది. నేను మాత్రం బోర్లించినట్టే మిగిలాను.

చూసేవాళ్ళకు నేనిప్పుడు కడిగిన పంపుని. నా కడుపు ఖాళీగానే ఉంది. కానీ నా లోపలి గాలి గదిలో మందుంది. గొట్టం పొడుగునా మందుంది. కడ్డీలో ఉంది. నాజిలు రంధ్రానికి పొడి అట్టగట్టి ఉంది. బోర్లిస్తే ఇవేవీ బయటికి రావు. మీట ఆడిస్తేనే వస్తాయి. ఎవరైనా నన్ను నింపి కొడితే, మొదట బయటికి వచ్చేది పోసిన నీళ్ళు కాదు, నిన్నటి మందు. గేటు చప్పుడైతే చాలు, నాకు ప్రాణం పోయినట్టుండేది. ఎవరూ రాకూడదని మొక్కుకున్నాను. మొక్కుకోవడానికి నాకు ఏ దేవుడున్నాడో తెలియదు.

త్రివేణి వచ్చింది. వెంట ఆమె జట్టు పిల్ల మరియరాణి. ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. వాళ్ళ మాటల్ని బట్టి నాకు విషయం తెలిసింది. పెళ్ళిళ్ళలో అతిథుల మీద పన్నీరు చల్లుతారు కదా, అలాగే గేటు దగ్గర నిలబడి పదో తరగతి వాళ్ళ మీద పన్నీరు చల్లాలట. చిన్న బుడ్డీతో అంతమందికి ఎప్పుడు చల్లేది? పంపుతో కొడితే మంచులా పడుతుంది. ఈ ఆలోచన త్రివేణిదే. తరగతంతా చప్పట్లు కొట్టిందట. తొమ్మిదో తరగతి చూసే జోజిబాబు మాస్టారు కూడా, కడిగిన పంపయితేనే తెమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడట.

మరియరాణి నన్ను చూసి కడిగిందేనా అని అడిగింది. త్రివేణి వంగి చూసింది. మూత తీసి ఉంది. బోర్లించి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది, అంత బుద్ధిమంతురాలు. కానీ ఆ రోజుల్లో ఆ ఇంట్లో గోడలకూ అదే వాసన, దుప్పట్లకూ అదే వాసన.

"మా అమ్మ కడిగి బోర్లిచ్చింది లేవే. పా, పొద్దు పోతంది," అంది త్రివేణి. నన్ను వీపున వేసుకుంది.

ఆమె వీపు సన్నటిది. జడ నా మూతికి తగులుతోంది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఎవరి మీద మొదట కొట్టాలో ఇద్దరూ బేరాలాడుకుంటున్నారు. నేను ఒక్కటే కోరుకున్నాను. నా బెల్టు తెగిపోవాలి, నేను రోడ్డు మీద పడి పగిలిపోవాలి. బెల్టు తెగలేదు. నన్ను చేసినవాళ్ళ మీద మొదటిసారి కోపం వచ్చింది, ఇంత గట్టిగా ఎందుకు చేశారా అని.

బడిలో మామిడాకులు కట్టారు, మైకు పెట్టారు. నాలో బోరు నీళ్ళు పోసి, రెండు సీసాల పన్నీరు వంచారు. ఎవరో గులాబీ రేకులు కూడా తుంచి వేశారు. ఒక్కసారిగా నా లోపల గుబాళింపు నిండిపోయింది. ఇక మందు వాసన ఎవరికీ తెలియదు. అప్పుడు నాకు నిజంగా దడ పుట్టింది. గేటు అవతల పదో తరగతి పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆడపిల్లలు వాళ్ళ అమ్మల చీరలు కట్టుకుని, కుచ్చిళ్ళు తొక్కుకుంటూ, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు. మొహాలు పైకెత్తి, కళ్ళు తెరిచి, నోళ్ళు తెరిచి మరీ నవ్వుతున్నారు.

త్రివేణి మీట ఆడించింది. నా లోపల గాలి బిగిసింది. మందు గొట్టంలో ముందుకు జరగడం నాకు తెలుస్తూనే ఉంది. వరసలో మొదటి పిల్ల కళ్ళు మూసుకుని చేతులు చాపింది. త్రివేణి కడ్డీ ఎత్తి నొక్కింది.

ఏమీ రాలేదు.

నాజిలుకు అట్టగట్టిన పొడి రంధ్రాన్ని మూసేసింది. ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. నా జన్మలో అంత సంతోషం నేను ఎరగను. మొరాయించడం పంపుకు తప్పంటారు. ఆ క్షణాన అంతకంటే గొప్ప పని లేదనిపించింది. ఇక విసుగొచ్చి నన్ను పక్కన పడేస్తారు, చెంబుతో చల్లుకుంటారు, అంతా అయిపోతుంది అనుకున్నాను. పిల్లలు గోల చేశారు. మైకులో ఎవరో ఛలోక్తి విసిరారు. త్రివేణి మొహం ఎర్రబడింది.

అప్పుడు ఆమె చేసిన పని, ఆ ఊళ్ళో ఏ రైతు బిడ్డయినా చేసేదే. నాజిలు విప్పింది. లంగాకు తుడిచింది. నోట్లో పెట్టుకుంది.

నేను అరవగలిగితే ఆ అరుపుకు బడి గోడలు కూలేవి. ఆమె బుగ్గలు పొంగించి ఊదింది. రాలేదు. తండ్రి చేసినట్టే గట్టిగా ఒక పీల్పు పీల్చింది. అట్టగట్టిన పొడి ఊడి నోట్లోకి పోయింది. అదే సమయానికి, గొట్టంలో నీళ్ళు ఆడుతున్నాయో లేదోనని ఇంకో చేత్తో కడ్డీ నొక్కింది. గాలి బిగించి ఉన్న మందు సర్రున ఎగిరి ఆమె గడ్డం మీదా, పెదాల మీదా, కళ్ళలోనూ పడింది. పిల్లలు పన్నీరనుకుని కేరింతలు కొట్టారు.

కోటమ్మ అప్పుడే వంటపాక నుంచి గరిటెతో బయటికొచ్చింది. కూతురి వీపు మీద నన్ను చూసింది. తర్వాత ఆ గరిటె ఎక్కడ పడిందో, ఆమె అంత దూరం ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చీ రాగానే త్రివేణి చెంప మీద కొట్టి, నోట్లో వేళ్ళు పెట్టింది.

"ఉమ్మెయ్యే. మింగమాక. దాన్ని కడగలా, నేను కడగలా," అంది.

మైకు ఆగిపోయింది. త్రివేణికి ఇంకా అర్థం కాలేదు. అందరి ముందూ కొట్టినందుకు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బోర్లిచ్చి ఉందిగా అంది. జోజిబాబు మాస్టారు బిందె తెచ్చి పిల్ల మొహం మీద, కళ్ళ మీద నీళ్ళు కుమ్మరించాడు. నన్ను ఆమె వీపు మీద నుంచి లాగి అవతలికి గిరాటేశాడు. పన్నీరంతా నేల మీద ఒలికింది.

మస్తాన్ వలి ఆటో వచ్చేసరికే త్రివేణి నోటి వెంట నురగలా లాలాజలం కారుతోంది. ఒళ్ళంతా చెమట. అమ్మా, నువ్వు సరిగా కనబడటంలేదే అంటోంది. ఆటో ఎక్కించేటప్పుడు ఆ మాట కూడా ఆగిపోయింది. క్షణం ఊరుకోని నోరు అది. నేను గేటు పక్కన పడి ఉన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా కోటమ్మ గొంతు వినపడుతూనే ఉంది. అందరితోనూ ఒకే మాట చెబుతోంది, కడగకుండా బోర్లించింది తనేనని.

ఆ తర్వాత నన్ను ఎవరూ తాకలేదు. చివరికి ఎవరో పొడుగాటి కర్రతో ఎత్తి, విరిగిన బల్లలు పడేసే గదిలో పెట్టి తాళం వేశారు. ఆ గదికీ తొమ్మిదో తరగతికీ మధ్య ఒక్క గోడే. పొద్దున్నే జోజిబాబు మాస్టారు హాజరు పిలిచేవాడు. పేర్లు ఒక్కొక్కటే వచ్చేవి, ప్రెజెంట్ సార్, ప్రెజెంట్ సార్ అని. త్రివేణి అని పిలిచేవాడు. జవాబు ఉండేది కాదు. ఆయన కాసేపు ఆగేవాడు. ఆ ఆగడం నాకు భరించరానిదిగా ఉండేది. తర్వాతి పేరు పిలిచేవాడు.

వరండాలో పిల్లల మాటలు వినేదాన్ని. ఒకరు గుంటూరు తీసుకుపోయారన్నారు. ఒకరు కళ్ళు పోయాయన్నారు. ఇంకొకరు, గొట్టాలు పెట్టారంట, ఎవర్నీ చూడనివ్వటంలేదంట అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక, అన్నీ నమ్మి అన్నిటికీ భయపడ్డాను. మనుషులకు ఇంత పెద్ద విషయం తెలిసీ తెలియకుండా చెప్పుకోవడంలో ఒక సరదా ఉంటుందని అప్పుడే తెలిసింది. వంటపాక వైపు నుంచి వేరే ఆమె గొంతు వినిపించేది. కోటమ్మ గొంతు కాదు.

పరీక్షలయ్యాయి. బడి మూసేశారు. ఎండలకు గది ఉడికిపోయింది. నా గొట్టంలో మిగిలిన మందు ఎండి పొరలు పొరలుగా అంటుకుపోయింది. మనిషి గొంతు వినపడని ఆ వేసవిలో నాకు తోడు చెదలు మాత్రమే. అవి కూడా నా దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగిపోయేవి.

మళ్ళీ బడి తెరిచారు. గోడ అవతల హాజరు మొదలైంది. ఊపిరి బిగబట్టి విన్నాను. పేర్లు వచ్చాయి, పోయాయి. త్రివేణి పేరు పిలవలేదు. మర్నాడూ పిలవలేదు. పిలిచి ఆగడమే నయం, పిలవకపోవడం ఇంత ఘోరంగా ఉంటుందని నాకు తెలియదు. పేరే తీసేశారు. అంటే ఏమిటో నేను వేరే ఎవరినీ అడగక్కర్లేదు. చేలల్లో రాలిన తేనెటీగలు గుర్తొచ్చాయి. ఇక నాకు భయపడటానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. ఆ దుఃఖం ఎలాంటిదో చెప్పలేను. ప్లాస్టిక్‌కు ఏడుపు రాదు.

ఒక రోజు తాళం తీశారు. పాత సామానుకు ఇచ్చేయాలని, గది ఖాళీ చెయ్యమని పిల్లల్ని పంపారు. బల్లల కాళ్ళు పట్టుకుని లాగుతూ కొందరు లోపలికొచ్చారు. వాళ్ళలో మరియరాణి ఉంది. నన్ను చూసి గుమ్మం వైపు తిరిగి, ఆడే ఉండవే, లోపలికి రాబాక అంది.

గుమ్మంలో త్రివేణి ఉంది.

చిక్కిపోయింది. కళ్ళకు దళసరి అద్దాలు వచ్చాయి. జడ స్థానంలో పొట్టి జుట్టు. కొత్త పుస్తకాలు రొమ్ముకు హత్తుకుని నిలబడింది, పదో తరగతి పుస్తకాలు. మనుషుల పిల్లలు ఏడాదికొక గది మారతారని, గది మారితే పేరు కూడా వాళ్ళ వెంట పోతుందని నాకెవరు చెప్పారు? అవతలి గదిలో రోజూ పలుకుతూనే ఉందన్నమాట ఆమె. నేను ఒక గోడకే చెవి ఆనించి, ఆమె చచ్చిపోయిందని అనుకున్నాను.

నన్ను చూసింది. చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది. పెదాలు బిగించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మస్తాన్ వలి, యలమంద, కొట్టతను, ఊళ్ళో ఇంతమంది మగవాళ్ళు, ఎవరూ నన్ను చూసి ఇలా వెనక్కి తగ్గలేదు. నేను ఇన్నేళ్ళూ ఒంటరిగా మోసిన భయం ఇప్పుడు ఆ పిల్ల కళ్ళలో ఉంది. సంతోషించాలో, ఆ వయసుకు ఇంత భయమా అని బాధపడాలో తెలియలేదు. రెండూ అయ్యాయి.

మరియరాణి, ఖాళీదేగా, పాతసామానోడికి ఏసేద్దాం అంది. త్రివేణి తల అడ్డంగా ఊపింది. పుస్తకాలు గుమ్మంలో పెట్టి, తోటలోంచి గునపం తెచ్చింది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, మణికట్ల దగ్గర దారంతో కట్టించుకుంది. మూతికి చున్నీ చుట్టుకుంది. కర్రతో నన్ను బయటికి దొర్లించింది. చిల్లు పడితే వాడు తీసుకోడు కదే అంది మరియరాణి.

"తీసుకోకపోతేనే మంచిది. తీసుకుంటే ఇంకొకళ్ళకి అమ్ముతాడు. ఆళ్ళింట్లో కూడా పిల్లలుంటారు," అంది త్రివేణి.

గొంతు ఇదివరకటిది కాదు, కాస్త బొంగురుపోయింది. మాటలు కూడా తక్కువే. గునపం ఎత్తి నా పొట్టలోకి దింపింది, సరిగ్గా ఆ బూట్లూ అద్దాలూ వేసుకున్న రైతు బొమ్మ మీద. బలం చాలక మళ్ళీ ఎత్తింది. గొట్టాన్ని ముక్కలు చేసింది. నాజిలును రాతి మీద పెట్టి, ఇంకో రాయితో రంధ్రం పూడిపోయేదాకా దంచింది. ప్రతి దెబ్బకూ కళ్ళు మూసుకునేది. నాకు నొప్పి తెలియలేదు. తెలిసినా కిక్కురుమనేదాన్ని కాదు.

ఇప్పుడు నేను బడి వెనక, ప్రహరీ గోడ పక్కన, విరిగిన బల్లల కుప్ప మీద ఉన్నాను. నాలో వాన నీళ్ళు కూడా నిలవవు. ఇక్కడి నుంచి కుళాయి కనిపిస్తుంది. ఆ రోజు పని అయ్యాక మిగతా పిల్లలందరూ చేతులు దులుపుకుని పోయారు. త్రివేణి మాత్రం చేతుల కవర్లు జాగ్రత్తగా ఊడదీసి, పారేసి, కుళాయి తిప్పి సబ్బు తీసుకుంది. వేళ్ళ సందులు రుద్దింది, గోళ్ళు రుద్దింది, మోచేతుల దాకా రుద్దింది. కడిగేసి, మళ్ళీ సబ్బు అందుకుంది. గంట కొట్టారు. మాస్టారు వచ్చేస్తున్నారే అని మరియరాణి వరండాలోంచి పిలిచింది. త్రివేణి తలెత్తలేదు. కడుక్కో తల్లీ, తొందరేం లేదు, గంట రేపు కూడా కొడతారు అని చెప్పాలనిపించింది నాకు.